డొల్ల గిటారు

"రెస్ట్ తీస్కో అక్కా" అన్న మాట నా చెవిన పడినప్పుడు నేను గారెల గిన్నెకు మూత పెడుతున్నాను. ఆ మాట అన్నవాడి నోట్లో ఉన్నది నా గారే.

మాది అబిడ్స్ వెనక సందులో ఒక పాత చర్చి. శనివారం సాయంత్రాలు పాటల బృందానికి, అంటే క్వయర్‌కి, ప్రాక్టీసు ఉంటుంది. ఆ మాట అన్నది మా క్వయర్ సెక్రటరీ. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు, బ్యాంకులో ఉద్యోగం, మంచి గొంతు, కీబోర్డు చక్కగా వాయిస్తాడు. అతను బడికి పోయే రోజుల్లో వేళ్ళు పట్టుకుని గిటారు మీద మొదటి మూడు కార్డులు, అంటే స్వరాల పట్లు, నేర్పింది నేనే. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ చర్చిలో గిటారు వాయిస్తున్నదీ నేనే. పెళ్ళయి వచ్చిన కొత్తలో బలిపీఠానికి ఎడమ పక్క స్తంభం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. అప్పటి నుంచి అది నా చోటు.

"కోపం తెచ్చుకోకక్కా" అన్నాడు. "గిప్పుడు మనకు కీబోర్డుంది, ప్యాడుంది, బేసుంది. గిన్నిటి నడుమ నీ బాక్స్ గిటార్ ఎవ్వరికి వినవడ్తలేదు. ఊకె చెయ్యి నొప్పి తెచ్చుకుంటున్నవ్. కోత పండుగ సంది లేడీస్ లైన్ల నిలవడి పాడు. మంచిగ రెస్ట్ తీస్కో."

అతను చెప్పింది అబద్ధమైతే అక్కడికక్కడే కడిగేసేదాన్ని. నా మంటంతా అది నిజం కావడం వల్లనే. డ్రమ్ముల ప్యాడ్ మోగడం మొదలైతే నా గిటారు నాకే వినబడేది కాదు. పైగా ఎడమ చేతి చూపుడు వేలి కణుపు వాచి, ఇనుప తీగల మీద నొక్కిపట్టినప్పుడల్లా ప్రాణం పోయేది. ఆ పెద్ద డబ్బా గిటారు చంకలో ఇరుక్కుని కుడి భుజం కూడా పట్టేసేది. దవాఖానలో చూపిస్తే డాక్టరు కూడా అదే అన్నాడు, రెస్టు అని. అందరికీ నా విశ్రాంతి మీదే ఎందుకంత ప్రేమో నాకు అర్థం కాలేదు. లక్డీకాపూల్‌లో మా ఆఫీసులో ఫైళ్ళు మోసేటప్పుడు ఒక్కడూ రెస్ట్ తీసుకో అనడు.

"వినబడితే?" అని అడిగాను.

"ఏంది?"

"నా గిటారు వినబడితే నా జాగ నాకుంటదా, ఉండదా?"

అతను గారె మింగి, చుట్టూ ఉన్నవాళ్ళను చూసి నవ్వాడు. "వినవడ్తె ఉంటది తియ్యి. కోత పండుగనాడు చూద్దాం."

కోత పండుగ ఇంకా ఆరు వారాలు. గిన్నె సంచిలో పెట్టుకుని, మిగిలిన గారెలు కూడా పట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి మా ఆయనకు అవే భోజనం.

మా ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. గట్టిగా మాట్లాడటం ఆయన ఒంట్లోనే లేదు. నేను చెప్పిందంతా విని, "పోనీ, పాడటం కూడా సేవే కదా" అన్నారు. మరో రోజైతే ఊరుకునేదాన్నేమో. "నేను పాడితే కాకులు లేస్తాయని పెళ్ళైన కొత్తలో మీరే అన్నారు" అని గుర్తు చేశాను. ఆయన ఇంకో గారె తీసుకున్నారు. అసలు సంగతి ఆయనకూ తెలుసు. నాకు ప్రార్థన మాటల్లో రాదు. నలుగురిలో నిలబడి ప్రార్థన చేయమంటే నాలుక మడత పడుతుంది. వేళ్ళు తీగల మీద ఉన్నప్పుడే నేను దేవుడితో ఏదైనా చెప్పుకోగలను. ఆ స్టూలు పోతే నేను చర్చికి పోయి కూర్చుని వస్తాను, అంతే.

నాకు ఏం కావాలో నాకు ముందే తెలుసు. చాలా ఏళ్ళ కిందట లక్డీకాపూల్‌లో ఒక హోటల్లో పెళ్ళి విందుకు పోయినప్పుడు, మూలన ఒక పెద్దాయన గిటారు వాయిస్తున్నాడు. నా గిటారుకున్నట్టు గుండ్రటి రంధ్రం కాదు దానికి. వయొలిన్‌కి ఉన్నట్టు రెండు వైపులా రెండు వంపు చీలికలు. పై చెక్క కూడా వయొలిన్‌లాగే మధ్యలో ఉబ్బి ఉంది. పక్కన శబ్దం పెంచే చిన్న యాంప్ పెట్టె. అందరూ బిర్యానీ మీద పడ్డారు. నేను ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కరెంటు గిటారైనా చెక్క వాసన పోని శబ్దం అది. అప్పుడు దాన్ని కొనే స్తోమత లేదు, ఆ తర్వాత కొనే ధైర్యం లేదు. ఇప్పుడు కోపం ఉంది.

సోమవారం మధ్యాహ్నం లంచ్ టైములో అబిడ్స్‌లో వాయిద్యాల దుకాణానికి పోయాను. గొలుసు చేయించుకుందామని దాచుకున్న డబ్బు ఎంతుందో మనసులో ఉంది. దుకాణదారు నన్ను చూసి, "బాబు కోసమా మేడం?" అన్నాడు.

"నాకు బాబు లేడు. నాకే."

"అచ్ఛా, నేర్చుకుంటరా?" అని పిల్లలు పట్టుకునే బుల్లి గిటారు ఒకటి తీసి ఇచ్చాడు. "లేడీస్ సైజ్. బరువుండదు, హల్క ఉంటది."

దాన్ని శ్రుతి చేసి, ఒక కీర్తన మొదటి చరణం వాయించి, తిరిగి అతని చేతిలో పెట్టాను. "ఇది మీ మనవరాలికి ఇవ్వండి. నాకు కరెంటుది చూపించండి" అన్నాను. అతని ముఖం మారింది, మాట కూడా మారింది. గట్టి చెక్కతో చేసిన నల్లటి గిటారు తెచ్చి మెడకు తగిలించాడు. రుబ్బురోలు మెడకు కట్టుకున్నట్టుంది. నా భుజం అక్కడే వద్దంది. ఇంకొకటి తెచ్చాడు, దానికి చీలికలున్నాయి గానీ మధ్యలో నిలువునా చెక్క దిమ్మె ఉంటుందట. అందుకే అది కూడా బరువే. ఆ రెంటినీ పక్కన పెట్టి పైకి చూశాను. గోడకు బాగా ఎత్తున, దుమ్ము పట్టి, అంచుల్లో ముదురు గోధుమ రంగు, మధ్యలో తేనె రంగుతో ఒకటి వేలాడుతోంది. ఉబ్బిన పొట్ట, రెండు చీలికలు, సన్నటి ఒళ్ళు.

"అది డొల్ల గిటార్ మేడం" అన్నాడు దుకాణదారు. "లోపల ఏం ఉండదు. గా పీస్ డిఫెక్ట్ కూడా. ఏడాది సంది గట్లనే ఉంది."

"దించండి."

విసుక్కుంటూ దించాడు. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. చంక కింద ఇరుక్కోలేదు. పై చెక్క తొలిచి చేసింది కాదని, పొరల చెక్కను అచ్చులో ఒత్తి ఉబ్బించిందని నాకు తెలుసు. తొలిచినవి కొనాలంటే నేను ఇంకో రెండు జన్మలు గుమస్తాగిరీ చేయాలి. ఒత్తిందైతే ఏం, నేను కూడా పొరలు పొరలుగా ఒత్తిడి పడి తయారైనదాన్నే. యాంప్‌కి కలిపి తీగ మీటాను. ఆ హోటల్లో విన్న శబ్దానికి చెల్లెలే అది. కానీ చెయ్యి మెడ మీద పైకి పోయేకొద్దీ స్వరాలు తప్పసాగాయి. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలనే మెట్లంటారు; కింది మెట్ల మీద కుదిరిన కార్డు పదో మెట్టు దగ్గర అపశ్రుతి పలికింది.

"చెప్పలే? డిఫెక్ట్ అని" అన్నాడతను. "నలభై ఒక్క వేలది. ఇరవై ఆరుకు ఇస్తా, వాపస్ ఉండదు. గింత డొల్లదాన్ని యాంప్‌ల పెద్దగ వాయిస్తే కూత పెడ్తది గూడా. గా నల్లది తీస్కోండి, అరవై వాట్ల యాంప్ తీస్కోండి, వంద రకాల సౌండ్లు వస్తయ్."

నాకు కావలసింది ఒక్క సౌండు. వందలో తొంభై తొమ్మిది ఏం చేసుకోను? ఇరవై ఆరు అన్న మాట గుర్తు పెట్టుకోమని చెప్పి బయటపడ్డాను. మనసు మాత్రం గోడకే వేలాడుతోంది.

నాంపల్లి స్టేషను దగ్గర సందులో ఒక ఉస్తాదు ఉన్నాడు. హార్మోనియంలు, స్పీకర్లు, యాంప్‌లు బాగు చేస్తాడు. డెబ్బై దాటిన మనిషి. దుకాణం ఒక మంచమంత. మా చర్చి హార్మోనియం బతికున్న రోజుల నుంచి నాకు పరిచయం. మరునాడు ఆఫీసు నుంచి నేరుగా ఆయన దగ్గరికి పోయి, గిటారు లక్షణాలన్నీ రోగం చెప్పుకున్నట్టు చెప్పాను. ఆయన ఇస్త్రీ పెట్టెలాంటి ఒక యాంప్ పొట్ట విప్పి దాంట్లోకి చూస్తూనే విన్నాడు.

"కింద మంచిగుంటది, మీద తప్పుతది. గంతేనా?"

"అంతే ఉస్తాద్."

"దాని తప్పు, కసూర్ ఏం లేదమ్మా. గసొంటి గిటార్ల తీగలు ఆనేటి చెక్క ఉంటది సూడు, బ్రిడ్జి, దాన్ని అతికియ్యరు. తీగల బరువుకే నిలవడ్తది. ఎవడో తెలివిగల్ల అక్కల్మంద్ అన్ని తీగలు ఒక్కపారి ఇప్పిండు. చెక్క జరిగింది. మళ్ళ ఎట్ల వడితె గట్ల పెట్టిండు." అని చూపుడు వేలితో గాల్లో చూపించాడు. "పన్నెండో మెట్టు కాడ తీగను ఆనీ ఆనకుండ తాకు. గదే మెట్టు మీద నొక్కి మీటు. రెండు ఒక్కటే పలకాలె. పలకకుంటె చెక్కను జర జరుపు. పలికినంక వదిలెయ్యి."

"మరి కూత పెడుతుందన్నాడు?"

"పెడ్తది. డొల్లది గద, ఊపిరి తీస్తది. యాంప్ ఎదురుంగ నిలవడితే దాని అరుపు అదే విని మళ్ళ అరుస్తది. నువ్వు పక్కకు నిలవడు, బేస్ గుండీ తగ్గించు. ఇంకా లొల్లి చేస్తే చీలికల బట్ట కుక్కు." అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు. "యాంప్ పెద్దది తీస్కోకు. అరవై వాట్లు తీస్కొని రెండు మీద పెట్టి కూసుంటవ్, నిద్ర పోతది. ఇరవై తీస్కొని ఏడు మీద పెట్టు. గప్పుడు మాట్లాడ్తది."

పక్కనే ఉన్న పాత యాంప్ మీద గుడ్డ తీశాడు. ఇరవై వాట్లది, పది అంగుళాల స్పీకరు, దాని లోపలి కాగితపు గిన్నె ఆయనే కొత్తగా వేశాడు. మూడు గుండీలు తప్ప ఏమీ లేవు. ఎనిమిది వేలంటే ఏడు చేయమన్నాను. ఏడున్నర అన్నాడు, చాయ్ కూడా తెప్పించాడు. ఆరు నెలల్లో ఏమన్నా అయితే తన దగ్గరికి తెమ్మన్నాడు. తీగలు కూడా పైన చదునుగా చుట్టినవి, సన్నవి వేసుకోమన్నాడు. వేలికి గరుకు తగలదట, నొక్కడానికి జోరు అక్కర్లేదట. నా వేలి వాపు ఆయన ఎప్పుడు చూశాడో నాకు తెలియదు. ఆ పూట ఆ చాయ్ తాగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెస్ట్ తీసుకోమనని మొదటి మనిషి ఆయనే.

బుధవారం మళ్ళీ అబిడ్స్ దుకాణం. గిటారు దించమన్నాను. తీగలు కాస్త వదులు చేసి, ఆ చెక్కను ఎడమకు వెంట్రుకవాసి జరిపాను. తాకాను, నొక్కాను. ఇంకొంచెం జరిపాను. దుకాణదారు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నాలుగోసారికి రెండూ ఒక్కటే పలికాయి. పదో మెట్టు దగ్గర కార్డు పట్టి మీటితే దుకాణంలో కొనడానికొచ్చిన ఇంకో గిరాకీ కూడా ఇటు తిరిగాడు.

"అరె, ఠీక్ అయింది" అన్నాడు దుకాణదారు. వెంటనే వ్యాపారం గుర్తొచ్చింది. "మంచిగైంది కాబట్టి గిప్పుడు డిఫెక్ట్ పీస్ కాదు గద మేడం. ముప్పై ఆరు."

నేను గిటారు ఒళ్ళోంచి దించలేదు. "సోమవారం ఇరవై ఆరు అన్నది మీరేనా, మీ తమ్ముడా?"

"నేనే, కానీ..."

"ఏడాది నుంచి దాన్ని గోడకు ఉరేసి డొల్లది, పనికిరానిది అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. మీ ముందే బాగు చేశాను. కావాలంటే కొన్నాక ఇంటికి పోయి బాగు చేసుకునేదాన్ని, మీకు తెలిసేది కూడా కాదు. మీరు మాట మీద ఉంటే ఇరవై ఆరు. లేదంటే మళ్ళీ జరిపి ఎట్లున్నదాన్ని అట్లా చేసి గోడకు తగిలించి పోతా."

అటు తిరిగిన గిరాకీ ఫక్కున నవ్వాడు. దుకాణదారు నేనడిగిన చదును తీగల ప్యాకెట్టు తీసి పైన పెట్టి, "దీని పైసలు మాత్రం ఇయ్యాలె" అన్నాడు. ఇచ్చాను. పెట్టె లేదన్నాడు కాబట్టి ఆటోలో ఒళ్ళో పెట్టుకునే ఇంటికి తెచ్చుకున్నాను. నాంపల్లి దాకా ఆటోవాడు అద్దంలో నన్నే చూశాడు. చూడనీ.

మిగిలిన వారాలు ఆఫీసు నుంచి రావడం, వంట, గిటారు. వేలు పూర్తిగా మానలేదు, అబద్ధం చెప్పను. కానీ పాత దాని మీద పావుగంటకే ఏడిపించేది, దీని మీద గంట దాకా ఊరుకునేది. పక్కింటివాళ్ళు ఒకసారి గోడ తట్టారు. నేను బేస్ గుండీ తగ్గించి కొనసాగించాను. శనివారం ప్రాక్టీసుకు దాన్ని తీసుకుపోలేదు. ముందే చూస్తే సెక్రటరీ ఏదో ఒక వంక పెడతాడని నాకు తెలుసు. కోత పండుగనాడే అన్నాడు కదా, ఆ రోజే వినాలి.

కోత పండుగంటే మా చర్చిలో అందరూ ఏదో ఒకటి తెచ్చి బలిపీఠం మెట్ల మీద పెడతారు. వడ్ల కంకులు, చెరుకు గడలు, గుడ్ల అట్టలు, కేకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు. చర్చి పెద్దలు ఒక్కోదానికి నంబరు చీటీ అంటిస్తారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఆరాధన అయ్యాక బయట ఆవరణలో వాటిని వేలం వేస్తారు. ఎవరు తెచ్చింది వాళ్ళే ఎక్కువ ధరకు కొనుక్కోవడం కూడా మామూలే. మెట్ల మీద పెట్టాక అది దేవుడిది. ఊరికే తిరిగి తీసుకోకూడదు.

ఆ ఆదివారం ఆటో పిలిచాం. యాంప్, దుప్పట్లో చుట్టిన గిటారు, మేమిచ్చే పెద్ద గుమ్మడికాయ, మా ఆయన ఎక్కేసరికి నాకు చోటు లేదు. "మీరు పదండి, నేను నడిచొస్తా" అన్నాను. పావుగంట దారి. పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని నేను చేరేసరికి మొదటి గంట కొట్టేశారు.

స్తంభం దగ్గర నా స్టూలు పక్కన యాంప్ ఉంది. గిటారు లేదు. బలిపీఠం వైపు చూశాను. గుమ్మడికాయలకూ రెండు కోళ్ళకూ మధ్య, దుప్పటి తీసేసి, నా గిటారు పడుకుని ఉంది. దాని పొట్ట మీద ముప్పై ఏడో నంబరు చీటీ.

మా ఆయన ముఖం తెల్లబోయింది. "కొత్త వస్తువు కదా, అయ్యగారితో ప్రార్థన చేయించి ఇద్దామని మెట్ల మీద పెట్టాను" అన్నారు గొణుగుతూ. "యాంప్ పాతదే కదా అని ఇక్కడ పెట్టాను." మా ఇంట్లో మిక్సీ కొన్నా, కుక్కర్ కొన్నా ఈయనకు ఇదే పని. ప్రార్థన లేకుండా స్విచ్చి వేయనివ్వరు. పదకొండు నెలలు అది మంచి అలవాటే. కోత పండుగనాడు మాత్రం ఆ మెట్ల మీద ఏది పెట్టినా చీటీ పడుతుందన్న సంగతి, జీవితమంతా ఆ చర్చిలోనే గడిపిన లెక్కల మాస్టారికి తట్టలేదు.

సెక్రటరీ కీబోర్డు దగ్గర నుంచి మా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "దేవుని ముంగట పెట్టినంక తియ్యొద్దక్కా. పెద్దలు చీటీ పెట్టిన్రు. ఆరాధన అయినంక వేలంల కొనుక్కో. ఇయ్యాలటికి లేడీస్ లైన్ల నిలవడు." అతని ముఖంలో ఎక్కడా సంతోషం లేదు. ఒక పంచాయితీ దానంతట అదే తేలిపోయిందన్న నెమ్మది ఉంది. నాకు దానికే ఒళ్ళు మండింది.

అయ్యగారు మొదటి కీర్తన నంబరు చెప్పారు. అందరూ లేచి నిలబడ్డారు. నేను ఆడవాళ్ళ వరస వైపు పోలేదు. నడిమి దారిలో నడిచి మెట్ల దగ్గరికి పోయాను. నా వెనక పుస్తకాల పేజీల చప్పుడు ఆగిపోయింది. "దేవుని సొమ్ము తీస్తదా ఏంది?" అని ఎవరో అన్నారు. అయ్యగారు కళ్ళద్దాల మీదుగా నన్ను చూశారు.

"అయ్యగారూ, ఇది అర్పణ కాదు" అన్నాను. "ప్రార్థన కోసం పెట్టింది. మా అర్పణ ఆ గుమ్మడికాయ. దీన్ని వాయించడానికి తీసుకుంటున్నా."

ఆయన జవాబు కోసం ఆగలేదు. నేను వంగి గిటారు తీసుకున్నాను. చీటీ కూడా దానితోనే వచ్చింది. స్టూలు దగ్గరికి వచ్చి వైరు కలిపి, కోపంలో గుండీ ఎంత తిప్పానో చూసుకోలేదు, అది ఒక్కసారిగా కూత పెట్టింది. చర్చి మొత్తం మోగింది. మెట్ల మీద కోళ్ళు రెక్కలు కొట్టుకున్నాయి. వెనక ఎవరో చెవులు మూసుకోవడం కనబడింది. అప్పుడు గనక నేను కూర్చుండిపోతే ఇక ఆ స్టూలు మీద ఎప్పుడూ కూర్చునేదాన్ని కాదు. చేతి రుమాలు తీసి చీలికలోకి కుక్కాను. బేస్ గుండీ తగ్గించాను. స్టూలు పక్కకు లాగి యాంప్‌కి ఓరగా తిరిగాను. కూత ఆగింది. అందరూ నిలబడే ఉన్నారు.

నాలుగు కార్డులు నిదానంగా, ఒక్కొక్కటి విడిగా, కీర్తన ఎక్కడ ఎత్తుకోవాలో చెప్పేలా వాయించాను. మా దగ్గర కొంతకాలంగా పాట ఎత్తుకోవడమే పెద్ద గొడవ. ప్యాడ్ చప్పుడులో ముందు వరస ఒకచోట, వెనక వరస ఇంకోచోట మొదలుపెట్టేవాళ్ళు. ఆ రోజు అందరూ ఒక్కచోటే ఎత్తుకున్నారు. సెక్రటరీ కీబోర్డు వేగంగా లాగబోయాడు. నేను నా నడక మార్చలేదు. జనం నాతోనే వచ్చారు. రెండో చరణానికి అతనూ వచ్చాడు. నా గిటారు నాకు వినబడుతోంది, వాళ్ళకూ వినబడుతోంది. ఎంత సంతోషమనిపించిందో. ఏడుస్తూనే వాయించాను, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం. వేలం వేసేది కూడా సెక్రటరీయే, గొంతున్నవాడు కదా. గుమ్మడికాయ పోయింది, కేకులు పోయాయి. ముప్పై ఆరో నంబరు కోళ్ళు, అవీ పోయాయి. తర్వాత అతను చేతిలో కాగితం చూసి ఆగాడు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను, గిటారు మెడలో, చీటీ దాని పొట్ట మీద.

"ముప్పై ఏడు" అన్నాడు. "ఏం చేయాలక్కా, పెద్దల పుస్తకంల ఎక్కింది. రూల్ రూలే. నువ్వే ఏదో ఒకటి చెప్పి తీస్కో."

అప్పుడు మా ఆయన ముందుకు వచ్చారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నలుగురి ముందు గొంతెత్తడం నేను చూడలేదు. "పెట్టింది నేను. నాది తప్పు. కానీ నేను ఇవ్వలేదు. నాది కానిదాన్ని నేనెట్లా ఇస్తాను? అది ఆమెది" అన్నారు. ఆయన చేతిలో టోపీ నలిగిపోతోంది. ఆ క్షణంలో ఆయన్ను మిక్సీ విషయంలో, కుక్కర్ విషయంలో అన్నీ క్షమించాను.

"ఏదో ఒక చిన్న మొత్తం చెప్తే అయిపాయె గదమ్మా" అన్నారు పెద్దల్లో ఒకరు. చెప్పగలను. పర్సులో ఐదు వందలున్నాయి. కానీ ఒక్క రూపాయి చెప్పినా అది ఇన్నాళ్ళూ నాది కాదని ఒప్పుకున్నట్టే. ఆ స్టూలు కూడా వాళ్ళ దయ మీద దొరికినట్టే.

"పిలువు తమ్మీ" అన్నాను. "రూల్ ప్రకారమే పిలువు. నేను మాత్రం ఒక్క పైసా చెప్ప. ఎవరికన్నా కావాలంటే ధర చెప్పి, వచ్చి నా మెడలోంచి తీసుకోమను."

అతనికి వేరే దారి లేదు. "డొల్ల గిటార్, ముప్పై ఏడు. ఒకటోసారి."

ఎవరూ పలకలేదు. పొద్దుటి నుంచి కేకులూ గుడ్లూ అన్నీ పోటీ పడి కొన్న సెక్రటరీ భార్య చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "దేవుని సొమ్ము" అన్న గొంతు ఎవరిదో గానీ, అది కూడా లేవలేదు.

"రెండోసారి."

ముందు వరసలో కూర్చున్న చూపు ఆనని ముసలమ్మ ఒకామె, పక్కనున్న కోడలితో అందరికీ వినబడేలా అంది. "ఎవ్వరు అడగకున్రి. ఇయ్యాల పాట యాడ ఎత్తుకోవాలెనో నాకు తెలిసింది."

"మూడోసారి" అన్నాడు సెక్రటరీ. అతని గొంతు సగం తగ్గింది. మూడుసార్లు పిలిచినా ఎవరూ అడగనిది తెచ్చినవాళ్ళ ఇంటికే పోవాలి. అది కూడా మా చర్చి రూలే. పెద్దల్లో ఒకాయన పుస్తకంలో ఆ నంబరు కొట్టేశాడు. నేను చీటీ పీకి సెక్రటరీ చేతిలో పెట్టాను.

"వచ్చే ఆదివారం పాటలేవి?" అని అడిగాను.

అతను జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. నాలుగు పాటలు, పక్కన వాటి శ్రుతులు.

"మొదటిది జి లో పెట్టినవ్. ముసలోళ్ళకు అంత పైకి అందదు" అన్నాను. "ఎఫ్ చెయ్యి."

అతను పెన్ను తీసి జి కొట్టేసి, ఎఫ్ రాశాడు.